సమస్యాపూరణం: ‘తప్పది యొప్పయ్యె నొప్పు తప్పయ్యెఁ గదా’

కవిమిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య కంద పద్యంలోని నాల్గవ పాదం.

తప్పది యొప్పయ్యె నొప్పు తప్పయ్యెఁ గదా!

ఎన్నికలలో ఒకరినొకరు తీవ్రంగా ఖండించుకున్న పక్షాలు ఫలితాల తర్వాత కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేసినప్పుడు, నాయకుల మాటలు ఎట్లా మారుతాయో, ఎందుకు మారుతాయో పూరణలో కనిపించాలి. ఏ పక్షాన్నీ పేరు పెట్టి నిందించవద్దు. సమస్యలో రెండు భాగాలున్నాయని గుర్తుంచుకోండి. తప్పు ఒప్పు కావడం ఒకటి, ఒప్పు తప్పు కావడం మరొకటి. మొదటి దానికి మాత్రమే కారణం చూపి రెండవ దానిని వదిలివేస్తే పూరణ సగమే అవుతుంది. ద్విత్వ పకారప్రాస (ప్రతి పాదంలో రెండవ అక్షరం ‘ప్ప’ వంటి జంట పకారం) కనుక చెప్పు, ముప్పు, ఇప్పుడు, అప్పుడు వంటి మాటలు అడగకుండానే వచ్చి నిలుస్తాయి. వాటిని మీరు నడపాలి గాని అవి మిమ్మల్ని నడపకూడదు.

మొదటి పూరణ

చెప్పిన దెన్నిక లప్పుడు
ముప్పని, పొత్తైన పిదప ముచ్చట యనుచున్
గొప్పగఁ గుర్చీ కొఱకై
తప్పది యొప్పయ్యె నొప్పు తప్పయ్యెఁ గదా!

పరిశీలన: గణాలు (గురు లఘువుల కూర్పులు), యతిప్రాసలు (పాదంలో నియత స్థానాల అక్షరమైత్రి, రెండవ అక్షరపు సామ్యం) సరిగా ఉన్నాయి. ‘ముప్పు’ అన్నదే ‘ముచ్చట’ కావడం బాగుంది. అయితే ‘అనుచున్’ అన్న అసమాపక క్రియకు కర్త నాయకులు కాగా, తర్వాత వచ్చిన ‘ఒప్పయ్యె’ అన్న సమాపక క్రియకు కర్త తప్పు. ఇద్దరు కర్తల మధ్య అన్వయం తెగిపోయింది. ‘గొప్పగ’ అన్నది ప్రాస కోసమే వచ్చిన వ్యర్థపదం. దానిని తీసివేసినా అర్థంలో ఏమీ తగ్గదు. రెండవ పాదాన్ని ‘అనిరే’ అని ముగించి, మూడవ పాదానికి కొంత పని కల్పించండి.

సవరించిన పూరణ

చెప్పిన దెన్నిక లప్పుడు
ముప్పని, పొత్తైన పిదప ముచ్చట యనిరే!
విప్పరు గుట్టు, పదవికై
తప్పది యొప్పయ్యె నొప్పు తప్పయ్యెఁ గదా!

ఇప్పుడు అన్వయం కుదిరింది. ‘విప్పరు గుట్టు’ అన్న చిన్న వాక్యం పద్యానికి బలమిచ్చింది, ఎందుకంటే మాట మారడం కంటె, మారిన కారణాన్ని దాచడమే జనాన్ని ఎక్కువ బాధిస్తుంది.

రెండవ పూరణ

నిప్పని తిట్టిన నోళ్ళే
యిప్పుడు మంచనుచుఁ గలసి యింపుగఁ బలుకన్
ప్రాపుల కొఱకై యిట్టుల
తప్పది యొప్పయ్యె నొప్పు తప్పయ్యెఁ గదా!

ఒక సభ్యురాలి వ్యాఖ్య: నిప్పు, మంచు అన్న రెండు మాటలతో వైరమూ పొత్తూ రెండూ కళ్ళకు కట్టాయి. కాని మూడవ పాదంలో ప్రాస తప్పింది. తక్కిన పాదాలలో రెండవ అక్షరం ద్విత్వ పకారం కాగా ‘ప్రాపుల’లో ఒంటి పకారమే ఉంది.

పరిశీలన: వారు చెప్పినది నిజం. గణాలు కుదిరినా ప్రాసభంగాన్ని అంగీకరించలేము. ‘అప్పదవి కొఱకె యిట్టుల’ అంటే దోషం పోతుంది. ‘ఆ పదవి’ త్రికసంధి (ఆ, ఈ, ఏ ల తర్వాతి హల్లుకు ద్విత్వం వచ్చే సంధి) వల్ల ‘అప్పదవి’ అవుతుంది కనుక వ్యాకరణానికీ ఇబ్బంది లేదు.

మూడవ పూరణ

ఎప్పుడు మాఱును నీతులు?
చప్పున గద్దియకుఁ జేర జత కుదిరినచోఁ
జెప్పుము సాక్ష్యము? కనుమా!
తప్పది యొప్పయ్యె నొప్పు తప్పయ్యెఁ గదా!

పరిశీలన: ప్రశ్నోత్తర రూపంలో నడిచిన చక్కని పూరణ. సమస్యనే సాక్ష్యంగా నిలపడం తెలివైన పని. ‘చోఁ జెప్పుము’ అని కలిపి వ్రాసినందువల్ల జవాబు ఎక్కడ ముగిసిందో, రెండవ ప్రశ్న ఎక్కడ మొదలైందో వెంటనే తెలియడం లేదు. ‘కుదిరినచో’ వద్ద వాక్యాన్ని ముగించి ‘చెప్పుము’ అని విడిగా మొదలుపెడితే సంభాషణ స్పష్టమవుతుంది.

నాల్గవ పూరణ

విప్పును మీఱిన పదవికి
ముప్పను భయమున మనసును ముడిచిన సభలోఁ
జెప్పిన పలుకే మాఱెను;
తప్పది యొప్పయ్యె నొప్పు తప్పయ్యెఁ గదా!

కవి వివరణ: ఇక్కడ ‘విప్పు’ అంటే శాసనసభలో పక్షం తన సభ్యులకు ఎట్లా ఓటు వేయాలో చెబుతూ జారీ చేసే ఆదేశం, విప్. 1985లో 52వ సవరణ ద్వారా మన రాజ్యాంగంలో చేరిన పదవ షెడ్యూలు ప్రకారం, పక్షం ఆదేశానికి విరుద్ధంగా ఓటు వేసిన సభ్యుడిని, పక్షం పదిహేను రోజులలో క్షమించకపోతే, అనర్హుడిగా ప్రకటించవచ్చు. నిన్న ప్రతిపక్షంలో ఉండి ఒక బిల్లును వ్యతిరేకించిన సభ్యుడు, తన పక్షం పొత్తులో చేరినందువల్ల నేడు దానికే చేయి ఎత్తవలసి రావచ్చు. అతని మనసు మారలేదు, ఓటు మాత్రం మారింది.

పరిశీలన: ఇంతవరకు వచ్చిన పూరణలన్నీ మాట మార్చిన నాయకుడినే చూశాయి. మీరు మాట మార్చక తప్పని సభ్యుడిని చూశారు. ఇది కొత్త దృష్టి. ‘విప్పు’ ఎదుట ‘ముడిచిన’ అన్న మాట పడడంతో విప్పడం, ముడవడం అన్న విరోధం కూడా ధ్వనించింది. ‘మనసును ముడిచిన సభ’ అన్నప్పుడు ముడిచినది సభయా, సభ్యుడా అన్న సందేహం కొంత ఉన్నా, పద్యం మొత్తం మీద అది అర్థానికి అడ్డు రాదు.

విషయానికి సంబంధించి ఒకటి చేర్చాలి. 1967లో హర్యానా శాసనసభ్యుడు గయాలాల్ కొద్ది రోజులలోనే పలుమార్లు పక్షం మారినప్పుడు ‘ఆయారాం గయారాం’ అన్న నానుడి పుట్టింది. అటువంటి ఫిరాయింపులను ఆపడానికే ఈ చట్టం వచ్చింది. మూడవ వంతు సభ్యులు చీలిపోతే వర్తించిన మినహాయింపును కూడా 2003లో 91వ సవరణ తొలగించింది. విప్ విస్తృతిని 1992లో కిహోటో హొల్లోహన్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు పరిమితం చేసి, విశ్వాస తీర్మానాలకు, పక్షపు మౌలిక విధానాలకు సంబంధించిన ఓటింగుకు మాత్రమే ఆ శిక్ష తగినదని చెప్పింది. ఈ చట్టం సభ్యుడిని పక్షానికి కట్టివేస్తుంది గాని పక్షాన్ని దాని వాగ్దానానికి కట్టివేయదు. ఒక పక్షం పక్షంగానే వైఖరి మార్చుకుని నిన్నటి ప్రత్యర్థితో కలిసినప్పుడు ఏ సభ్యుడూ అనర్హుడు కాడు, వద్దన్న సభ్యుడికే ప్రమాదం. మీ పద్యంలో ‘ఒప్పు తప్పయ్యె’ అన్న రెండవ భాగం ఇక్కడే అక్షరాలా నిజమవుతున్నది. ఎన్నికలనాటి మాటకు కట్టుబడడమే ఆ సభ్యుడి తప్పు అవుతుంది. రెండు భాగాలకూ న్యాయం చేసిన మొదటి పూరణగా దీనిని భావిస్తున్నాను.

ఐదవ పూరణ

గొప్పకె వ్యతిరేకించిన
దొప్పని తెలిసెను పదవిని నుండఁగఁ గనినన్
చెప్పుచు నిజమును మాఱిరి
తప్పది యొప్పయ్యె నొప్పు తప్పయ్యెఁ గదా!

కవి వివరణ: ఇప్పటివరకు అందరూ వైఖరి మారడమే నేరమన్నట్లు వ్రాశారు. ప్రతిపక్షంలో ఉండి కేవలం పంతంతో వ్యతిరేకించిన విధానం, పదవిలోకి వచ్చి లెక్కలు చూసిన తర్వాత సరైనదని తోచవచ్చు. అప్పుడు నిజం చెప్పి మారడం మంచిదే కదా.

పరిశీలన: ఈ అభిప్రాయానికి ఇక్కడ చోటు ఉండవలసిందే. మాట మార్చినవారందరినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. పద్యం విషయానికి వస్తే, వ్యతిరేకించినది ఒప్పని తెలిసిందన్నారు కనుక ‘తప్పది యొప్పయ్యె’ అన్నంతవరకు సరిపోయింది. మరి ‘ఒప్పు’ ఎందుకు తప్పయింది? నాటి పంతం ఒప్పుగా తోచి నేడు తప్పుగా తేలిందన్న భావం మీ వివరణలో ఉంది గాని పద్యంలో లేదు. వివరణ లేకుండా పద్యం నిలవాలి. మూడవ పాదాన్ని ‘విప్పిన కన్నుల ముందఱ’ అని మార్చి చూడండి. కన్నులు విప్పిన తర్వాత నాటి తప్పు ఒప్పుగానూ, నాటి ఒప్పు తప్పుగానూ కనిపించాయన్న అర్థం వచ్చి, సమస్యలోని రెండు భాగాలూ ఒకే కారణానికి లోబడతాయి.

కవి ప్రతిస్పందన: సవరణను సంతోషంగా స్వీకరిస్తున్నాను.

ఆరవ పూరణ

అప్పుడు రుసుముల పెంపున
కొప్ప మనుచు వ్రాలు సేసి, యొక్కటి గాఁగా
నొప్పిరి గద పెంచుటకే;
తప్పది యొప్పయ్యె నొప్పు తప్పయ్యెఁ గదా!

కవి వివరణ: ఇది 2010లో బ్రిటన్‌లో జరిగిన సంగతి. విశ్వవిద్యాలయ రుసుములను పెంచే ఏ ప్రతిపాదననైనా వ్యతిరేకిస్తామని లిబరల్ డెమొక్రాట్ అభ్యర్థులు ఎన్నికల ముందు ప్రతిజ్ఞాపత్రంపై సంతకాలు చేశారు. ఆ మే నెలలో వారు కన్జర్వేటివ్ పక్షంతో కలిసి ప్రభుత్వంలో చేరారు. డిసెంబరులో రుసుముల గరిష్ఠ పరిమితిని ఏడాదికి 9,000 పౌండ్లకు పెంచే ప్రతిపాదన సభకు వచ్చినప్పుడు, వారిలో 21 మంది వ్యతిరేకంగా ఓటు వేయగా, నాయకుడు నిక్ క్లెగ్‌తో సహా మరికొందరు అనుకూలంగా వేశారు. 2010లో 57 స్థానాలున్న ఆ పక్షానికి 2015 ఎన్నికలలో 8 మాత్రమే మిగిలాయి.

పరిశీలన: ‘పెంపునకు ఒప్పము’ అన్న సంధిలో ఒకారానికి ‘ఒక్కటి’లోని ఒకారంతో యతి చెల్లింది. సంతకానికి వ్రాలు అన్న తెలుగు మాటను వాడినందుకు ప్రత్యేక అభినందన.

ఈ ఉదాహరణ మన సమస్యకు ఎంత దగ్గరగా ఉందో ఇంకొక అడుగు ముందుకు వేస్తే తెలుస్తుంది. 2012 సెప్టెంబరులో నిక్ క్లెగ్ క్షమాపణ చెప్పారు. అయితే ఆయన క్షమాపణ కోరినది ప్రధానంగా రుసుములు పెంచినందుకు కాదు, నిలుపుకోగలమన్న పూర్తి నమ్మకం లేకుండా అటువంటి ప్రతిజ్ఞ చేసినందుకు. విద్యార్థుల దృష్టిలో ప్రతిజ్ఞ ఒప్పు, దానిని విడవడం తప్పు. నాయకుడి దృష్టిలో ప్రతిజ్ఞే తప్పయింది. తప్పొప్పులు ఇట్లా తారుమారైన సందర్భం దొరికిన తర్వాత కవి దానిని పద్యంలోకి తేకుండా వివరణకే వదిలివేయడం నాకు కొరతగా తోచింది. ఈ క్షమాపణ మీదే మరొక పద్యం వ్రాయవలసిందిగా వారిని కోరుతున్నాను.

ఒక సభ్యుని ప్రశ్న: ఆర్యా, పొత్తు అంటేనే సర్దుబాటు. రెండు పక్షాలు తమ ప్రణాళికలలోని ప్రతి అక్షరాన్నీ నిలుపుకుంటామంటే ఏ సంకీర్ణ ప్రభుత్వమూ ఒక్క రోజైనా నడవదు. అటువంటప్పుడు ఏ మార్పును సర్దుబాటు అనాలి, ఏ మార్పును మోసం అనాలి?

నిర్వాహకుని సమాధానం: ఈ ప్రశ్నకు నా పూరణతోనే జవాబు చెబుతాను.

ఒప్పందమ్మును ప్రజలకుఁ
జెప్పిన నది రాజనీతి, చెప్పక యున్నన్
ముప్పే! మాటున దాఁగిన
తప్పది యొప్పయ్యె నొప్పు తప్పయ్యెఁ గదా!

ఏమి విడిచామో, ఏమి నిలుపుకున్నామో, ఎందుకో ప్రజల ఎదుట చెబితే అది సర్దుబాటు. 2004 మేలో కాంగ్రెస్ నాయకత్వంలోని యూపీఏ సంకీర్ణ ప్రభుత్వం జాతీయ కనీస ఉమ్మడి కార్యక్రమాన్ని ప్రచురించింది. బయటినుండి మద్దతిచ్చిన వామపక్షాలు ఆ పత్రం ఆధారంగానే నాలుగేళ్ళు ప్రభుత్వాన్ని నిలదీశాయి. అమెరికాతో అణు ఒప్పందం విషయంలో 2008 జులైలో మద్దతు ఉపసంహరించుకున్నప్పుడు కూడా ఎందుకు విడిపోతున్నారో దేశానికి తెలిసింది. ఆ నెల 22న విశ్వాస తీర్మానం 275–256 ఓట్లతో నెగ్గింది. అట్లాగే 2015లో జమ్మూ కశ్మీరులో కలిసిన పీడీపీ (పీపుల్స్ డెమొక్రటిక్ పార్టీ), భారతీయ జనతా పార్టీలు రాష్ట్ర ప్రత్యేక ప్రతిపత్తిపై తమ అభిప్రాయాలు వేరని ఒప్పుకుంటూనే, ఉన్న స్థితిని కొనసాగిస్తామని ఉమ్మడి పత్రంలో వ్రాసుకున్నాయి. 2018 జూన్‌లో ఆ పొత్తు ముగిసింది. ఈ పొత్తులు మంచివా కావా అన్నది వేరే చర్చ. మారిన చోటు కాగితం మీద ఉన్నది కనుక పౌరుడు దానిని పట్టుకుని అడగగలిగాడు. అటువంటి పత్రమే లేకుండా, నిన్నటి మాట అసలు అననే లేదన్నట్లు ప్రవర్తిస్తే, దానినే నేను ‘మాటున దాఁగిన తప్పు’ అన్నాను. దానిని ఎత్తి చూపినవాడు పొత్తుధర్మం తెలియనివాడని అనిపించుకుంటాడు. ఒప్పు తప్పు కావడమంటే అదే.

ఒక సభ్యురాలి వ్యాఖ్య: ‘మాటున దాఁగిన’ అన్న విశేషణాన్ని సమస్యలోని ‘తప్పు’కు తగిలించడం బాగుంది. అయితే మొదటి పాదంలో ‘ఒప్పందమ్మును’ అన్న మువర్ణ ద్విత్వం కేవలం గణపూరణకు వచ్చినట్లు తోస్తున్నది. ‘ఒప్పందపు షరతులనే’ అంటే గణాలూ సరిపోతాయి, ఏమి చెప్పాలో కూడా స్పష్టమవుతుంది కదా?

నిర్వాహకుని సమాధానం: అమ్మా, మీ పాదంలో గణాలు సరిగానే ఉన్నాయి, ‘షరతులు’ అన్న మాట నాదానికంటె నిర్దిష్టంగానూ ఉంది. కాని దానిని తీసుకుంటే ‘ప్రజలకు’ అన్న మాట పోతుంది. అప్పుడు షరతులను ఎవరికి చెప్పాలన్నది తెలియదు. భాగస్వామి పక్షానికి చెప్పినా చాలునన్న అర్థం వస్తుంది. అందువల్ల ఆ ద్విత్వపు లోపాన్ని భరించి పాదాన్ని యథాతథంగా ఉంచుతున్నాను.