పెళ్లిలోపు కొవ్వు తీయించుకుంటే బరువు తగ్గుతానా?

చెరువు లెక్కలు, భీమవరం

నమస్కారమండీ. నాకు 33 ఏళ్లు. రొయ్యల చెరువుల వ్యాపారి దగ్గర లెక్కలు రాస్తాను. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 94 కిలోలు. పనంతా కుర్చీలోనే. చెరువు గట్టు మీదికి వెళ్లినా బండి మీదే. మాఘమాసంలో పెళ్లి. నిశ్చితార్థం ఫోటోలు వచ్చిన రోజు నుంచి అద్దం ముందు నిలబడటం మానేశాను.

విజయవాడలో ఒకచోట లైపోసక్షన్, అంటే గొట్టంతో కొవ్వు లాగేసే ఆపరేషన్, చేస్తారని ప్రకటన చూసి ఫోను చేశాను. పది కిలోల దాకా పోతాయట, మూడో రోజు ఆఫీసుకు వెళ్లిపోవచ్చట. లక్షా ఇరవై వేలు. ఈ నెలలో కడితే ఇరవై వేలు తగ్గింపు. చీర కొంటే జాకెట్టు గుడ్డ ఉచితం అన్నట్టు, గడ్డం కింద కొవ్వు ఊరికే తీసిపెడతారట.

మూడు నెలల సగటు షుగర్ పరీక్షలో 6.1 వచ్చింది. మా నాన్నకు షుగర్ ఉంది. కొవ్వు పోతే ఆ భయం కూడా పోతుందని నా ఆశ. మా అమ్మ మాత్రం ఈ మాట వింటూనే అన్నం మానేసి కూర్చుంది. 2015లో నటి ఆర్తీ అగర్వాల్ పోయినప్పుడు పత్రికల్లో ఈ ఆపరేషన్ ప్రస్తావన వచ్చింది. అది ఆమె మనసులో అలా నాటుకుపోయింది.

చేయించుకున్నవారు ఎవరైనా ఉంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. దయచేసి ‘నడవండి’ అని మాత్రం చెప్పకండి.

రిటైరైన డ్రాయింగు మాస్టారు, నరసాపురం

నడవండి.

నాకు 66 ఏళ్లు. రోజూ వశిష్ఠ గోదావరి గట్టు మీద గంట నడుస్తాను. దాచుకోవడం ఎందుకు, నాలుగేళ్లలో తగ్గింది మూడు కిలోలే. అదీ మా ఆవిడ రాత్రిపూట అన్నం మాన్పించాక. నడక వల్ల నిద్ర పట్టింది, మోకాళ్లు తేలికపడ్డాయి. గట్టు దిగేచోట బజ్జీల బండి ఉండటం నా దురదృష్టం.

కుట్టుమిషన్, పాలకొల్లు

తమ్ముడూ, నేను చేయించుకున్నాను. పంతొమ్మిదేళ్లుగా ఆడవాళ్ల జాకెట్లు కుడుతున్నాను. కొలతల పుస్తకంలో ఊళ్లోవాళ్లందరి కొలతలతో పాటు నావీ ఉన్నాయి. అవి చూసే రాస్తున్నాను.

2022 మార్చిలో ఆపరేషన్‌కు ముందురోజు బరువు 78 కిలోలు, నడుము 39 అంగుళాలు, ఛాతీ 40, చేయి 13. ఆపరేషన్ మర్నాడు ఆసుపత్రి త్రాసు ఎక్కితే 79½. త్రాసు పాడైందేమో అనుకున్నాను. లోపలికి ఎక్కించిన నీరూ వాపూ కలిసి అంత చూపిస్తుందని నర్సమ్మ చెప్పింది. మూడు నెలలకు వాపు దిగాక బరువు 75½, నడుము 35½. నడుము మూడున్నర అంగుళాలు తగ్గింది, బరువు రెండున్నర కిలోలు తగ్గింది. టేపును అడిగితే నా డబ్బు దక్కినట్టు, త్రాసును అడిగితే దండగ అయినట్టు. ఈ రెండూ వేరని ముందు నాకెవరూ చెప్పలేదు. రోజంతా మెడలో టేపు వేసుకుని తిరిగేదాన్ని, నాకైనా తట్టలేదు.

మూడో రోజే ఆఫీసుకు అన్నారా? మొదటి రెండు రోజులూ గొట్టం పొడిచిన రంధ్రాల నుంచి పలచటి ఎర్రనీరు కారుతూనే ఉంది. పాత నూలు చీరలు నాలుగు మడతలు పరుచుకుని పడుకున్నాను. ఆ తర్వాత ఆరు వారాలు నడుము నుంచి తొడల దాకా బిగించి పట్టే బట్ట వేసుకోవాలి. ఏప్రిల్, మే నెలలు. కాలువలు కట్టేసిన రోజులు, మన వైపు ఉక్క సంగతి చెప్పనక్కర్లేదు. అలాంటివి రెండు కొన్నాను, ఒకటి ఒంటి మీద, ఒకటి దండెం మీద. వాటి కొక్కేలు పెట్టడానికి మా ఆయనా, కొట్టులో పనిచేసే అమ్మాయీ ఇద్దరూ కావలసి వచ్చేవారు. పొట్ట చర్మానికి ఐదు నెలల దాకా సరిగా స్పర్శ లేదు. ఒకరోజు బల్ల అంచున పెట్టిన ఇస్త్రీ పెట్టె తగిలింది. బొబ్బ చూసుకున్నాకే కాలిందని తెలిసింది. ఎడమ పక్కన ఇప్పటికీ చిన్న ఎగుడుదిగుడు ఉంది, లైనింగు ముడతపడిన జాకెట్టులా. చీర కింద ఎవరికీ కనిపించదు, నాకు తెలుసు అంతే.

అసలు సంగతి ఏడాది తర్వాత బయటపడింది. నా జాకెట్లే నాకు చంకల దగ్గర పట్టేశాయి. 2023 మేలో కొలత: బరువు మళ్లీ 78, నడుము 36½, ఛాతీ 42, చేయి 14½. నమ్మలేక మా అమ్మాయి చేత మళ్లీ కొలిపించాను. రేవు దగ్గర గుర్రపుడెక్క తీసేస్తే లాకు దగ్గర పేరుకుంటుంది చూడండి, నడుము దగ్గర తీసినది చేతులకూ వీపుకూ ఎక్కింది.

ఎక్కదా మరి? తిండి మారలేదు. కొట్టు కట్టేసరికి రాత్రి తొమ్మిదిన్నర, పదింటికి అన్నం, పప్పుచారు, వేపుడు. పెళ్లిళ్ల రోజుల్లో జాకెట్లు తీసుకెళ్లేవాళ్లు స్వీటు పెట్టె చేతిలో పెట్టి మరీ వెళ్తారు. ఒక వైశాఖమాసంలో లెక్కపెట్టాను: పూతరేకులు పదకొండు పెట్టెలు, కాజాలు ఏడు. సున్నుండలు వేరే.

పశ్చాత్తాపమా అంటే లేదు. నడుముకు రెండు పక్కలా ఉన్న మడతలు నేను ఏం చేసినా పోయేవి కావు, అవి పోయాయి. కానీ చీటీ పాడుకుని లక్షా ముప్పై ఐదు వేలు కట్టింది బరువు కోసం. నడుము కోసమని తెలిసి కట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. బీమా వాళ్లు పైసా ఇవ్వలేదు, అందం కోసం చేసేవి పాలసీలో ఉండవట.

మత్తు డాక్టరు, కాకినాడ

ఆవిడ రాసిన అంకెల్లో అతిశయోక్తి ఏమీ లేదు. ఈ ఆపరేషన్‌లో ముందు చర్మం కిందికి ఉప్పునీరు, ఆ చోటును మొద్దుబార్చే లిడోకెయిన్, రక్తనాళాలను బిగించే అడ్రినలిన్ కలిపి ఎక్కిస్తారు. 1980లలో జెఫ్రీ క్లైన్ అనే కాలిఫోర్నియా చర్మవైద్యుడు తెచ్చిన పద్ధతి ఇది. దీనివల్ల రక్తం పోవడం బాగా తగ్గింది. ఆ తర్వాత సన్నటి గొట్టంతో లాగుతారు. లాగినది పడే సీసా నా కళ్లెదురుగానే నిండుతుంది. పైన వెన్నలాంటి పసుప్పచ్చటి పొర, అడుగున ఎర్రటి నీరు. ఆ సీసాలో ఐదు లీటర్లు కనిపించాయంటే ఐదు కిలోల కొవ్వు పోయిందని కాదు. అందులో నీరూ ఉంది, పైగా లీటరు కొవ్వు సుమారు 900 గ్రాములే తూగుతుంది.

ఐదు లీటర్లు దాటితే పెద్ద మోతాదు కింద లెక్క. ఆ రాత్రి ఆసుపత్రిలో ఉంచి కనిపెట్టుకుని ఉండాలి. ఒంట్లో ద్రవాల లెక్క తప్పడం, కాళ్లలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరడం, కొవ్వు బిందువులు రక్తంలో కలవడం అరుదే. కానీ జరిగితే నిమిషాల మీద పని. మీ అమ్మగారి భయం ఊరికే కొట్టిపారేయవలసినది కాదు. పది కిలోలు, మూడో రోజు ఆఫీసు అన్న రెండు మాటలూ ఒకే నోట వచ్చాయంటే నాకు అనుమానమే. మత్తు ఎవరిస్తారు, ఐసీయూ ఉందా, చేసే ఆయన ఎం.సిహెచ్. ప్లాస్టిక్ సర్జరీ చదివారా అన్నవి నేరుగా ఆ సర్జన్నే అడగండి, ఫోనులో మాట్లాడిన మనిషిని కాదు.

ఇక షుగర్. అమెరికాలోని సెయింట్ లూయిస్ వైద్యుల పరిశోధన ఒకటి 2004లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. స్థూలకాయం ఉన్న 15 మంది మహిళలకు పొట్ట దగ్గర తలా తొమ్మిది, పది కిలోల కొవ్వు తీశారు. పది పన్నెండు వారాలయ్యాక చూస్తే ఇన్సులిన్ పనితీరు గానీ, రక్తపోటు గానీ, కొలెస్ట్రాల్ గానీ మెరుగుపడలేదు. గొట్టం లాగేది చర్మం కింది పొరను. పేగుల చుట్టూ, కాలేయంలో పేరుకున్న దాని జోలికి అది వెళ్లదు, వెళ్లకూడదు కూడా. తిండి తగ్గించి బరువు తగ్గినవారికి ఆ లోపలిదీ కరుగుతుంది. పాలకొల్లు ఆవిడ చేతుల సంగతికి వస్తే, 2011లో కొలరాడో పరిశోధకులు దాదాపు అలాంటిదే చూశారు. తొడల దగ్గర తీయించుకున్న స్త్రీలకు ఏడాది తిరిగేసరికి ఒంట్లో కొవ్వు మొత్తం మొదటి లెక్కకే వచ్చింది, కాకపోతే పొట్ట వైపు చేరింది.

మీరు ఒక పని చేయండి. వెల్లకిలా పడుకోండి. పొట్ట పక్కలకు జారి చదునైతే ఎక్కువగా చర్మం కింది కొవ్వు, చేతికి చిక్కుతుంది. పడుకున్నా గట్టిగా ఉబ్బి ఉంటే ఎక్కువ భాగం లోపలిది. మగవాళ్లలో నేను తరచుగా చూసేది రెండోదే.

6.1 అంటే షుగర్ వ్యాధికి ముందు మెట్టు. ఆ మెట్టు మీద ఉన్నవారితో అమెరికాలో చేసిన పెద్ద అధ్యయనం 2002లో వచ్చింది. బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక లాంటి శ్రమ అన్నవి లక్ష్యాలు. ఆ దారి పట్టిన వర్గంలో వ్యాధి వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. మీకు 7 శాతం అంటే ఆరున్నర కిలోలు. జీర్ణాశయాన్ని చిన్నది చేసే బేరియాట్రిక్ ఆపరేషన్ పూర్తిగా వేరు, అది నిజంగా బరువు తగ్గించేదే. ఆకలి తగ్గించి బరువు తగ్గించే మౌంజారో ఇంజెక్షన్లు కూడా 2025 మార్చి నుంచి మన దేశంలో దొరుకుతున్నాయి. మీ ఎత్తుకు మీ బరువు సూచిక (బీఎంఐ) 33, మనవాళ్లకు 25 దాటితేనే స్థూలకాయం కింద లెక్క. కాబట్టి ఈ రెంటి గురించీ షుగర్ డాక్టరును అడగడంలో తప్పు లేదు. పెళ్లి ముహూర్తాన్ని బట్టి మాత్రం నిర్ణయించకండి.

చెరువు లెక్కలు, భీమవరం

పడుకుని చూశాను. గిన్నె బోర్లించినట్టు ఉంది. గిల్లితే వేళ్లకు అంగుళం మందం చిక్కింది, మిగతాదంతా గట్టిగానే ఉంది.

అడ్వాన్సు ఇంకా కట్టలేదు, ఇక కట్టను. తగ్గింపు ఇంకో పది వేలు పెంచామని ఈ మధ్యాహ్నం మళ్లీ ఫోను వచ్చింది. మా అమ్మ పక్కనే ఉంది. స్పీకరు పెట్టి వద్దని చెప్పాను. ఆమె అన్నం తిన్నది.

అక్కా, మీరు ఇప్పుడు ఎంత ఉన్నారు? నా ప్యాంటు నడుము 38, గత ఆరేళ్లుగా అదే సైజు. కాబట్టి నా పరిస్థితి మరీ అంత దారుణం కాదేమో అని ఒక చిన్న ఓదార్పు.

కుట్టుమిషన్, పాలకొల్లు

ఇప్పుడు 72. పద్నాలుగు నెలలు పట్టింది. రాత్రి భోజనం క్యారేజీలో తెప్పించుకుని ఏడింటికల్లా కొట్టులోనే కానిచ్చేస్తున్నాను. అన్నం ఒక గరిటె, కూర రెండు. స్వీటు పెట్టెలు వచ్చినవి వచ్చినట్టే పనిచేసే అమ్మాయిల ఇళ్లకు పంపేస్తున్నాను. సంక్రాంతికి రెండు కిలోలు వెనక్కి వచ్చాయి. మా ఆడపడుచు కొత్త అల్లుడు మా ఇంట్లోనే దిగాడు, ఏం చేస్తాం. మళ్లీ దించడానికి ఉగాది దాటింది.

ప్యాంటు సైజును నమ్మకండి. పొట్ట పెరిగేకొద్దీ మగవాళ్లు ప్యాంటు కిందికి దించుకుంటారు, నంబరు అలాగే ఉంటుంది. మా ఆయనదీ ఇదే సంగతి. చొక్కా విప్పి నిలబడండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ సరిగ్గా మధ్యన టేపు చుట్టండి, వెనక కిందికి జారకుండా చూసుకోండి. ఊపిరి వదిలాక చదవండి. మన మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, అంటే ముప్పై అయిదున్నర అంగుళాలు దాటకూడదంటారు. తేదీ వేసి రాసుకోండి.

చెరువు లెక్కలు, భీమవరం

కొలిచాను. 42.

కుట్టుమిషన్, పాలకొల్లు

ఊపిరి వదిలే కొలిచారా తమ్ముడూ?

చెరువు లెక్కలు, భీమవరం

వదిలితే 43½.