‘ఔఫ్‌ష్నిట్’ అంటే ఏ మాంసం?

ప్రశ్న:
జర్మనీలో మా సహోద్యోగులు రాత్రిపూట రొట్టె, ‘ఔఫ్‌ష్నిట్’ ఉంటే చాలంటారు. ఇది ఒక మాంసం పేరా, లేక పలు రకాలకు కలిపి వాడే మాటా? నేను గొడ్డుమాంసం, పందిమాంసం తినను. నా వంటివారు దీన్ని ఎలా అడిగి కొనాలో పెద్దలెవరైనా తెలుపగలరు.

మొదటి జవాబు:
ఇది మాంసం పేరు కాదండి. కోయడమనే అర్థమున్న ‘ఔఫ్‌ష్నైడెన్’ అనే క్రియ నుంచి వచ్చిన మాట కాబట్టి, పలుచని ముక్కలుగా కోసి, మళ్లీ వండకుండా రొట్టెపై పరుచుకొని తినే సలామీ (ఉడికించని సాసేజ్), హామ్ (పంది తొడమాంసం), లియోనర్ (ఉడికించిన మెత్తని సాసేజ్) వంటివన్నీ దీని కిందికే వస్తాయి. కాలేయంతో చేసే లేబర్‌వుర్స్ట్‌లో (‘వుర్స్ట్’ అంటే సాసేజ్) మెత్తగా పూసుకునే రకాన్ని మాత్రం సాధారణంగా ఈ పేరుతో పిలవరు. కొట్టులో ‘200 గ్రాముల మిశ్రమ ఔఫ్‌ష్నిట్’ అని అడిగితే అమ్మే మనిషి తన ఇష్టప్రకారం నాలుగైదు రకాలు కలిపి తూచి ఇస్తారు. అందులో పందిమాంసం దాదాపు తప్పదు కనుక మీరు అలా అడగకపోవడమే మేలు.

రెండవ జవాబు:
పై వివరణ సరైనదే. అయితే అసలు చిక్కు ‘గెఫ్ల్యూగెల్‌వుర్స్ట్’ దగ్గర వస్తుంది. గెఫ్ల్యూగెల్ అంటే కోడి, టర్కీ వంటి పెంపుడు పక్షులే అయినా, ఆ పేరుతో అమ్మే కొన్నింటిలో పందికొవ్వు కలుస్తుంది. అందువల్ల పొట్లం వెనుక పదార్థాల జాబితాలో ‘ష్వైన్’ (పంది), ‘రింట్’ (గొడ్డు), ‘ష్పెక్’ (పందికొవ్వు) అనే మాటలు ఉన్నాయేమో చూడండి. ‘పూటె’ అంటే టర్కీ, ‘హేన్‌షెన్’ అంటే కోడి. వేడి నీటిలో ఉడికించే లియోనర్ వంటి రకాన్ని బ్ర్యూవుర్స్ట్ అంటారు. సలామీ మాత్రం ఉడికించని రోవుర్స్ట్. గర్భిణులు ఈ రెండవ రకాన్ని తినరాదని అక్కడి వైద్యులు చెప్పేది లిస్టీరియా, టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవుల భయంతోనే.

అడిగినవారు:
ధన్యవాదాలండి. కొట్టులో అన్నింటినీ ఒకే యంత్రంపై కోస్తారు కదా, మరి దానికేమిటి ఉపాయం?

మూడవ జవాబు:
ఆ పట్టింపు ఉంటే కర్మాగారంలోనే కోసి మూసిన పొట్లం కొనండి. తెరిచాక ఫ్రిజ్‌లో ఉంచి రెండుమూడు రోజుల్లో ముగించాలి. జున్ను (చీజ్) ముక్కలనూ ‘కేజెఔఫ్‌ష్నిట్’ అనే అంటారు. పైగా, పేరొందిన మాంస సంస్థ ర్యూగెన్‌వాల్డర్ మ్యూలె 2014లో మాంసం లేని రకాలను తెచ్చిన తరువాత, బఠాణీ, సోయా, గుడ్డు తెల్లసొన వంటి వాటితో చేసిన శాకాహార ఔఫ్‌ష్నిట్ చాలా సూపర్‌మార్కెట్లలో దొరుకుతోంది. వాటిలో కొన్నింటిలో గుడ్డు ఉంటుందని మాత్రం మరువకండి.