సూర్యోదయ వేళ హాట్ ఎయిర్ బెలూన్ ప్రయాణం: పెద్దవాళ్లను తీసుకువెళ్లవచ్చా?

అనంత బాటసారి (అనంతపురం):

అందరికీ నమస్కారం. మా నాయన ఈ మధ్యే ఉద్యోగ విరమణ చేశారు. ఆయన షష్టిపూర్తి కూడా బంధువుల నడుమ సంతోషంగా జరిగింది. ఆ తరువాత అమ్మానాయనలను ఎక్కడికైనా దూరం తీసుకువెళ్లాలని నేనూ మా చెల్లెలూ అనుకుంటుండగా, మా అమ్మ టర్కీలోని కప్పడోకియా బెలూన్ల సంగతి ఎత్తి, తెల్లవారుతుండగా అంత ఎత్తు నుంచి నేలను చూడాలని ఉందని చెప్పింది. తనకోసం ఫలానాది కావాలని ఆమె నోరు తెరిచి అడగడం చాలా అరుదు కాబట్టి ఈ కోరిక ఎలాగైనా తీర్చాలని నిశ్చయించుకున్నాము. దసరా సెలవుల్లో బెంగళూరు నుంచి విమానంలో బయలుదేరి, ఇస్తాంబుల్‌లో కొన్ని రోజులు గడిపి, చివరి రాత్రి కప్పడోకియాలోని గోరెమెలో బస చేసి, మరునాటి ఉదయం బెలూన్ ఎక్కి, ఆ సాయంత్రమే తిరుగు ప్రయాణం మొదలుపెట్టేలా ఏజెంటు ప్రణాళిక వేసి ఇచ్చారు.

అమ్మకు మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. ఆపరేషన్ ఏదీ జరగలేదు, నడవగలదు, కాని ఎత్తు మెట్లు ఎక్కేటప్పుడు మాత్రం ఎవరైనా చేయి అందించాలి. నాయనకు రక్తపోటు ఉంది, మందులతో అదుపులో ఉంటోంది. పైగా బెలూన్ ప్రమాదాల గురించి ఎప్పుడో పేపర్లో చదివిన జ్ఞాపకంతో ఆయన కొంత వెనకాడుతున్నారు. ఎందుకు అంత చీకటితోనే లేచి వెళ్లాలి, ఎండ వచ్చాక తీరిగ్గా ఎక్కకూడదా అని కూడా అడుగుతున్నారు. అంత దూరం ఎందుకు, జైపూర్‌లోనూ బెలూన్లు ఉన్నాయి కదా అని మా బాబాయి అంటున్నాడు. పెద్దవాళ్లతో వెళ్లి వచ్చినవారు గానీ, విషయం తెలిసినవారు గానీ దయచేసి సలహా ఇవ్వగలరు.

హంద్రీ తీరం (కర్నూలు):

నమస్కారమండీ. మేము మా అత్తమామలను వెంటబెట్టుకుని కప్పడోకియాకు వెళ్లి వచ్చాము కాబట్టి నాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు మీ ఏజెంటు వేసిన ప్రణాళికను మార్పించండి. అక్కడ బెలూన్లు ఎగరాలా వద్దా అనేది వాటిని నడిపే సంస్థలు తమంతట తాము తేల్చే విషయం కాదు. ఆ దేశపు పౌర విమానయాన అధికారులు ప్రతి ఉదయం గాలి పరిస్థితిని చూసి అనుమతి ఇస్తారు. అనుమతి రాని రోజున, మీరు ఎంత పేరున్న సంస్థకు ఎంత డబ్బు కట్టి ఉన్నా, ఒక్క బెలూన్ కూడా నేల విడిచి లేవదు. అలాంటప్పుడు మరుసటి రోజుకు మార్చడమో, సొమ్ము తిరిగి ఇవ్వడమో చేస్తారు. కాని మీరు ఉండేదే ఒక్క ఉదయమైతే మార్చుకోవడానికి మరో రోజు మిగలదు, చేతికి తిరిగి వచ్చిన డబ్బు మీ అమ్మగారి కోరికను తీర్చలేదు. అందువల్ల ఇస్తాంబుల్‌లో దిగీ దిగగానే అక్కడి నుంచి గోరెమెకు దగ్గరగా విమానాశ్రయాలున్న కైసెరికి గానీ నెవ్‌షెహిర్‌కు గానీ విమానంలో వెళ్లిపోయి, కనీసం మూడు ఉదయాలు గోరెమెలో ఉండేలా చూసుకుని, బెలూన్‌ను మొదటి ఉదయానికే బుక్ చేయించండి. ఇస్తాంబుల్‌ను చివరికి పెట్టుకుంటే నష్టం ఏమీ లేదు, అక్కడి మసీదులూ బజార్లూ గాలిని బట్టి ఆగిపోయేవి కావు.

ఇక మోకాళ్ల సంగతి. బుట్ట గోడ దాదాపు ఛాతీ ఎత్తు ఉంటుంది, సాధారణంగా దానికి తలుపు ఉండదు. గోడలోనే పాదం పెట్టుకోవడానికి రంధ్రాలు ఉంటాయి. వాటిలో కాలు మోపి పైకి లేచి, రెండో కాలు గోడ మీదుగా అవతలికి వేయాలి. కొన్ని సంస్థలవాళ్లు చిన్న నిచ్చెన తెస్తారు, సిబ్బంది చేయి కూడా అందిస్తారు, అయినా ఆ కదలిక ఎవరికి వారు చేసుకోవలసిందే. లోపలికి వెళ్లాక దాదాపు గంటసేపు నిలబడే ఉండాలి, కూర్చునే వీలు లేదు. నా దృష్టిలో గాల్లో ఉన్న ఆ గంట కంటే దిగే నిమిషమే మోకాళ్లకు అసలైన పరీక్ష. పైలట్ చెప్పగానే ప్రయాణించే దిక్కుకు వీపు తిప్పి, బుట్ట గోడకు ఆనుకుని, మోకాళ్లు కాస్త వంచి, లోపల ఉన్న తాడు పిడులను రెండు చేతులా గట్టిగా పట్టుకోవాలి. గాలి నెమ్మదిగా ఉంటే బుట్ట మెల్లగా వచ్చి, వెంట వచ్చిన వాహనపు ట్రైలర్ మీదనే కూర్చుంటుంది. గాలి కాస్త ఎక్కువైతే నేలకు ఒకటి రెండు సార్లు తగిలి, కొద్ది దూరం ఈడ్చుకుపోయి, ఒక్కోసారి పక్కకు ఒరిగిపోతుంది కూడా. కనుక అమ్మగారిని ముందుగా ఎముకల డాక్టరుకు చూపించి, ఈ వంగడమూ ఈ అదురూ తట్టుకోగలరా అని ఉన్నది ఉన్నట్టు అడగండి. మోకాలి మార్పిడి చేయించుకున్నవారిని, ఈ మధ్య ఏదైనా ఆపరేషన్ జరిగినవారిని, గర్భిణులను చాలా సంస్థలు ఎక్కించుకోవు. మీ అమ్మగారికి ఆపరేషన్ జరగలేదు అంటున్నారు కాబట్టి ఆశ ఉంది.

గాల్లోకి లేచాక మాత్రం భయపడనక్కరలేదు. బెలూన్ గాలితో పాటే, గాలి వేగంతోనే సాగుతుంది కాబట్టి ముఖానికి గాలి తగలదు, ఊగిసలాట దాదాపు ఉండదు. మా అత్తగారు మిద్దె అంచున నిలబడాలంటేనే కళ్లు తిరుగుతాయి అనే మనిషి, అయినా అక్కడ నిశ్చింతగా బుట్ట గోడ మీద చేతులు పెట్టుకుని కింద లోయలను చూస్తూ నిలబడ్డారు. ఎర్జియెస్ వంటి అగ్నిపర్వతాలు ఎప్పుడో వెదజల్లిన బూడిద గట్టిపడి మెత్తని రాయిగా మారగా, వానా గాలీ దానిని లక్షల ఏళ్లుగా కోసుకుంటూ వచ్చి ఆ శంకువుల వంటి శిలలను మిగిల్చాయి. పైలట్ బెలూన్‌ను ఆ శిలల నడుమకు దించి, మళ్లీ పైకి లేపుతాడు. తూర్పున ఎండ పొడ వచ్చేసరికి అటు వైపు రాళ్లన్నీ ఎరుపెక్కుతాయి. ఆ దృశ్యం కోసం అంత దూరం వెళ్లడం సబబే అని నేను మనస్ఫూర్తిగా చెబుతాను.

భౌతికశాస్త్రం మాస్టారు (కడప):

ఎండ వచ్చాక ఎక్కకూడదా అన్న మీ నాయనగారి ప్రశ్న చాలా మంచిది. దీనికి సమాధానం మన సీమ చేలల్లోనే కనబడుతుంది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం బీడు నేలల మీద దుమ్మును ఎత్తుకుని గిరగిరా తిరుగుతూ లేచే సుడిగాలులను ఆయన చూసే ఉంటారు. నేల వేడెక్కినప్పుడు దానిని ఆనుకుని ఉన్న గాలి కూడా వేడెక్కి, తేలికై, పైకి ఎగబాకుతుంది. దుమ్ము లేని చోట మన కంటికి కనబడకపోయినా ఈ లేచే గాలులు అంతటా ఉంటాయి. పెద్ద బెలూన్ వాటిలో చిక్కితే పైలట్ అనుకున్న ఎత్తులో నిలవదు, అనుకున్న చోట దిగదు. రాత్రంతా చల్లబడిన నేల మీద తెల్లవారుజామున గాలి పైకీ కిందికీ కదలిక లేకుండా పొరలు పొరలుగా నిలిచి ఉంటుంది. పొద్దు పొడిచిన తరువాత సుమారు రెండు మూడు గంటల్లో ఆ నిలకడ చెడిపోవడం మొదలవుతుంది. అందుకే వాళ్లు చీకటితోనే మనలను నిద్ర లేపుతారు.

రెండో కారణం బరువుకు సంబంధించినది. సముద్రమట్టం వద్ద 15 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రతలో ఒక ఘనమీటరు గాలి సుమారు 1225 గ్రాములు తూగుతుంది. ప్రొపేన్ బర్నర్‌తో దానిని 100 డిగ్రీలకు వేడి చేస్తే సుమారు 946 గ్రాములకు తగ్గుతుంది. ఆ తేడా, అంటే దాదాపు 280 గ్రాములు, ఒక్కొక్క ఘనమీటరు వేడి గాలి మోయగలిగిన బరువు. పదహారు మంది ఎక్కే బెలూన్‌కు ఎనిమిది వేల ఘనమీటర్లు ఉన్నాయనుకుంటే, గుడ్డ, బుట్ట, సిలిండర్లు, మనుషులు అన్నీ కలిపి రెండు టన్నులకు పైగా అది లేపగలదు. బయటి గాలి 30 డిగ్రీలు ఉంటే, లోపల అదే 100 డిగ్రీల వేడికి ఆ 280 గ్రాములు 220కి పడిపోతాయి. అంటే చల్లని ఉదయం అదే బెలూన్ ఎక్కువ బరువును మోస్తుంది, లేదా అదే బరువును తక్కువ వేడితో మోస్తుంది. ప్రతి ప్రయాణికుడి బరువునూ ముందే అడిగి రాసుకోవడం ఇందుకే. బుట్టలోని గదుల్లో ఎవరు ఎటు నిలబడాలో నిర్ణయించేందుకు కూడా ఆ లెక్క అవసరం. సంకోచించకుండా సరైన బరువే చెప్పండి.

ఇంకొక సంగతి కూడా మీ నాయనగారికి చెప్పండి. బెలూన్‌ను పక్కకు తిప్పే సాధనం పైలట్ చేతిలో లేదు. మంట పెంచితే పైకి, శిఖరాన ఉన్న కవాటం తెరిస్తే కిందికి, అంతే. అయితే వేరువేరు ఎత్తుల్లో గాలి వేరువేరు దిక్కులకు వీస్తుంది కాబట్టి, తనకు కావలసిన దిక్కుకు వీచే పొరను వెతుక్కుంటూ పైకీ కిందికీ కదపడమే పైలట్ విద్య. బయలుదేరే ముందు చిన్న బెలూన్‌ను వదిలి అది ఎటు పోతోందో చూసుకునేది కూడా ఈ పొరలను తెలుసుకోవడానికే. ఇది తెలిసిన మనిషికి, ఈ రోజు ఎగరడం లేదని చెప్పిన పైలట్ మీద కోపం రాదు.

గాలిమరల దారి (తాడిపత్రి):

నేను విద్యుత్ శాఖలో హైటెన్షన్ లైన్ల పని చూసి విరమణ చేసినవాణ్ణి. మీ నాయనగారి వెనుకంజను తేలికగా తీసివేయవద్దు, ఆయన చదివినవి నిజంగా జరిగినవే. 2013 ఫిబ్రవరి 26న ఈజిప్టులోని లక్సర్‌లో బెలూన్ దిగే వేళ మంటలు చెలరేగి 19 మంది మరణించారు. 2016 జులై 30న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, లాక్‌హార్ట్ దగ్గర, బెలూన్ విద్యుత్ తీగలకు తగిలి అందులోని 16 మందీ చనిపోయారు. ఈ రెండో ప్రమాదం నాకు వృత్తిరీత్యా బాగా గుర్తుంది. ఆ ఉదయం పొగమంచూ తక్కువ ఎత్తు మేఘాలూ ఉన్నాయి, అయినా పైలట్ బయలుదేరాడు. మబ్బు కప్పినప్పుడు తీగ కనబడదు, కనబడినా క్షణంలో పక్కకు తప్పించుకునే సాధనం బెలూన్‌కు లేదని మాస్టారు చెప్పనే చెప్పారు.

కాబట్టి ధర తక్కువ అనే మాట పక్కన పెట్టి, పైలట్‌కు లైసెన్సు ఉందా, బుట్టలో ఎంతమందిని ఎక్కిస్తారు, ప్రయాణికులకు బీమా ఉందా, వాతావరణం వల్ల రద్దయితే డబ్బు పూర్తిగా తిరిగి ఇస్తారా అని రాతపూర్వకంగా అడగండి. ఈ చివరి ప్రశ్నకు నీళ్లు నమిలే సంస్థ వద్దకు వెళ్లకండి, ఎందుకంటే డబ్బు వెనక్కి ఇవ్వవలసి వస్తుందన్న బాధ ఉన్నవాడే అనుమానపు గాలిలో బయలుదేరతాడు. మన దేశంలోనైతే చట్టం దృష్టిలో బెలూన్ కూడా విమానం లాంటిదే. దాని రిజిస్ట్రేషన్, పైలట్ లైసెన్సు రెండూ పౌర విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ పరిధిలోనివి. ఉత్సవాల్లో కనబడే బెలూన్లలో కొన్నిటిని తాళ్లతో నేలకు కట్టి, కొద్ది ఎత్తుకు లేపి దించుతారు. అది వేరు, స్వేచ్ఛగా సాగే ప్రయాణం వేరు. టికెట్ కొనే ముందు ఏది అనేది తేల్చుకోవాలి.

గండికోటలోనే ఎందుకు పెట్టకూడదని మన కుర్రవాళ్లు తరచు అడుగుతుంటారు. పెన్నా లోయ అందం గురించి నాకు వేరే చెప్పనక్కరలేదు, కాని బెలూన్‌కు పైకి లేచే చోటు కంటే దిగే చోటు ముఖ్యం. నిలువు కొండచరియలు, జలాశయపు నీళ్లు, కలమల్ల థర్మల్ కేంద్రం నుంచి బయలుదేరే పెద్ద లైన్లు చుట్టుపక్కల ఉన్నప్పుడు, గాలి ఎటు తీసుకుపోయినా దిగడానికి విశాలమైన మైదానం ఉందని ముందు ఎవరైనా లెక్క కట్టి చూపాలి. పైగా మన వైపు గాలుల సంగతి తెలిసిందే. కడవకల్లు కొండల మీద గాలిమరలు నిలిపింది ఊరికే కాదు. అలాంటి యంత్రం పూర్తి సామర్థ్యంతో తిరగాలంటే సెకనుకు దాదాపు 12 మీటర్ల గాలి కావాలి. బెలూన్ బయలుదేరడానికి నేల మీద గాలి సెకనుకు సుమారు 5 మీటర్లు దాటకూడదు. ఆషాఢంలో ఆ ఆశే వద్దు. చలికాలపు నిశ్చలమైన ఉదయాల్లో కుదరవచ్చు, ఎవరైనా పద్ధతి ప్రకారం చేస్తే నేను సంతోషిస్తాను.

అనంత బాటసారి (అనంతపురం):

మీ అందరికీ కృతజ్ఞతలు. ఈ జవాబులను రాత్రి అమ్మానాయనల ముందే చదివి వినిపించాను. మాస్టారు చెప్పిన సుడిగాలి మాట విన్నాక నాయన చీకటితో లేవడానికి ఒప్పుకున్నారు, లైన్ల గురించి తాడిపత్రి పెద్దాయన రాసింది విని ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద తన చేత్తోనే రాసుకున్నారు. ఏజెంటుతో మాట్లాడి గోరెమెను ముందుకు జరిపించాము. ఒకవేళ డాక్టరు అమ్మకు వద్దంటే ఏం చేయాలన్నదే మిగిలింది. ఆమెను కింద ఉంచి మేము ఎక్కడం మాకు ఇష్టం లేదు. జైపూర్‌లో బుట్ట ఎక్కడం గానీ దిగడం గానీ తేలికగా ఉంటుందా?

హంద్రీ తీరం (కర్నూలు):

ఎక్కడైనా బుట్ట ఒకటే, దిగడం ఒకటే, కాబట్టి డాక్టరు వద్దంటే జైపూర్ కూడా వద్దు. డాక్టరు సరేనంటే జైపూర్‌కు ఒక సౌలభ్యం ఉంది: సెప్టెంబరు నుంచి మార్చి వరకు అక్కడ బెలూన్లు ఎగురుతాయి, వీసా బెడద లేదు, రద్దయితే మరో సెలవులో మళ్లీ వెళ్లవచ్చు. ఆమేర్ వైపు కోటలూ పల్లెలూ పైనుంచి చూడడం కూడా బాగుంటుంది. కాని మీ అమ్మగారు అడిగింది కప్పడోకియా, అది వేరే నేల.

ఎక్కడం కుదరకపోతే ఆమెను ఒంటరిగా కింద వదలవలసిన పని లేదు. గోరెమెలో తెల్లవారుజామున బెలూన్లు లేవడాన్ని కొండ మీది నుంచి గానీ హోటల్ మిద్దె మీది నుంచి గానీ చూడడానికి ఎంతోమంది వస్తారు. మంటల వెలుగుకు చీకట్లో ఒక్కొక్కటిగా వెలిగి, ఒకేసారి పదుల కొద్దీ బెలూన్లు తలల మీదుగా సాగిపోతాయి. బుట్టలో ఉన్నవారికి ఆ మొత్తం దృశ్యం అలా కనబడదు. అందరూ కలిసి అక్కడ కూర్చుని చూడండి.

అక్టోబరులో తెల్లవారుజామున అక్కడ పది డిగ్రీల కంటే తక్కువ ఉంటుంది కాబట్టి స్వెటర్లు, మడమ ఎత్తు లేని బూట్లు తీసుకువెళ్లండి. చీర అయితే బుట్ట గోడ దాటడం కష్టం, అమ్మగారికి సల్వార్ కమీజు కుట్టించండి. బర్నర్ మంట సెగ నేరుగా తల మీదికి వస్తుంది, నాయనగారికి నూలు టోపీ పెట్టండి. ఆయన రక్తపోటు మందుల వివరాలతో డాక్టరు రాసిన చీటీని వెంట ఉంచుకోండి. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు అందులో బెలూన్ ప్రయాణం చేరి ఉందో లేదో నిబంధనలు చదివి చూసుకోండి, చాలా పాలసీలు సాహస క్రీడల పేరుతో దానిని మినహాయిస్తాయి.