స్కానింగ్‌లో నీటితిత్తి అన్న గడ్డ ఇప్పుడు మారింది, మళ్లీ చూపించుకోవాలా?

ప్రశ్న (చిత్తూరు)
నా వయసు 29. రెండేళ్ల క్రితం ఎడమ వృషణం వెనుక శనగగింజంత గడ్డ చేతికి తగిలితే స్కానింగ్ తీయించాను. అది ఎపిడిడిమిస్‌లో (వృషణం వెనుక వీర్యకణాలు నిలవ ఉండే మెలికల గొట్టంలో) ఏర్పడిన నీటితిత్తి అనీ, మందులేవీ అక్కర్లేదనీ డాక్టరుగారు చెప్పారు. అప్పట్లో అది వృషణానికి విడిగా, మెత్తగా ఉండేది. ఈమధ్య స్నానం చేసేటప్పుడు చూసుకుంటే, ముందువైపున గట్టిగా, వృషణంలో భాగమే అన్నట్లు తగులుతోంది; నొప్పి మాత్రం లేదు. ఒకసారి ఫరవాలేదన్నాక మళ్లీ వెళితే అనుమానపు మనిషి అనుకుంటారేమోనని వెనకాడుతున్నాను. పైగా ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు.

సమాధానం (తిరుపతి, స్టాఫ్ నర్సు)
తమ్ముడూ, ఆ రిపోర్టు అప్పటి గడ్డకే చెల్లుతుంది. మీరు రాసినదాన్ని బట్టి చోటూ, గట్టిదనమూ రెండూ మారాయి కాబట్టి, ఇది పాతదేనో, పక్కన కొత్తది మొదలైందో చేత్తో చూసి, మళ్లీ స్కానింగ్ చేస్తే తప్ప ఎవరూ చెప్పలేరు. నొప్పి లేదు కదా అని నిబ్బరంగా ఉండకండి. వృషణ క్యాన్సర్ చాలామందిలో నొప్పి లేని గట్టి గడ్డగానే బయటపడుతుంది, అదీ ఎక్కువగా మీ వయసు వారిలోనే. అలాగని మీది అదేనని నేను అనడం లేదు. వరిబీజం కావచ్చు, ఇన్ఫెక్షన్ వాపు కావచ్చు. పాత రిపోర్టు, ఫిల్ముతో సహా తీసుకుని ఈ వారంలోనే యూరాలజిస్టును కలవండి. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. చిత్తూరు నుండి వేలూరు సీఎంసీ ఆసుపత్రి కూడా దగ్గరే.

సమాధానం (తిరుపతి)
ఓపీ కౌంటరు దగ్గర సిగ్గుపడి ‘గజ్జల్లో నొప్పి’ అని చీటీ రాయించుకుంటే వేరే విభాగం వరుసలో నిలబడాల్సి వస్తుంది. ‘వృషణంలో గడ్డ మారింది’ అని సూటిగా చెప్పండి. అనుమానం ఉంటే స్కానింగ్‌తో పాటు ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ అనే రక్తపరీక్షలు రాస్తారు. అయితే అవి నార్మల్‌గా వచ్చినంత మాత్రాన క్యాన్సర్ లేదని తేల్చరు. క్యాన్సర్ అనుమానం ఉన్నచోట వృషణ సంచిలోకి సూది గుచ్చి ముక్క తీయడం సాధారణంగా చేయరు. గజ్జ దగ్గర కోసి వృషణాన్నే తీసి పరీక్షకు పంపుతారు. పెళ్లి గురించి బెంగ వద్దు: రెండో వృషణం ఆరోగ్యంగా ఉంటే చాలామందికి పిల్లలు పుడతారు, చికిత్సకు ముందే వీర్యాన్ని భద్రపరచుకునే వీలూ ఉంది. తొలిదశలో దొరికితే నూటికి 95 మందికి పైగా నయమయ్యే క్యాన్సర్ ఇది.

ప్రశ్న అడిగినవారు
రేపే వెళుతున్నాను. చిన్నప్పుడు ఆ వైపు వృషణం కిందికి దిగలేదని ఆపరేషన్ చేయించామని అమ్మ చెప్పింది. అది కూడా చెప్పాలా?

సమాధానం (తిరుపతి, స్టాఫ్ నర్సు)
ముందుగా చెప్పవలసింది అదే. అలా దిగని వృషణానికి ఆపరేషన్ చేసినా ముప్పు కొంత ఎక్కువగానే ఉంటుంది. ఈలోగా ఎప్పుడైనా ఒక్కసారిగా భరించలేని నొప్పి వస్తే రేపటి దాకా ఆగకుండా అప్పటికప్పుడే ఎమర్జెన్సీకి వెళ్లండి. వృషణం మెలిపడితే ఆరు గంటల్లోపే సరిచేయాలి.