కోటింగ్ వేయించాక పంచ్ మెత్తబడింది, ఎందుకు?

ప్రశ్న: బెంగళూరు పీణ్యలో మాది చిన్న టూల్‌రూమ్. రేకులో రంధ్రాలు కొట్టే పంచ్‌లకు (డీ2 అనే టూల్ స్టీలువి) టైటానియం నైట్రైడ్ కోటింగ్ వేయించాను. బంగారు రంగులో మెరుస్తూ వచ్చాయి. రెండో రోజుకే అంచు నలిగి పెచ్చులు లేచాయి. కోటింగ్‌వాళ్ల తప్పేనా అన్నా?

జవాబు: తమ్ముడూ, టెంపరింగ్, అంటే గట్టిపరిచిన స్టీలును మళ్లీ వేడిచేయడం, ఎంతలో చేశారు? ఇప్పుడు హార్డ్‌నెస్ ఎంత?

ప్రశ్న అడిగినవారు: 200 డిగ్రీలు. హార్డ్‌నెస్ అప్పుడు 61 హెచ్‌ఆర్‌సీ (రాక్‌వెల్ కొలత), ఇప్పుడు 57.

జవాబు: అదే కారణం. కోటింగ్ వేసేటప్పుడు అయాన్లు తగిలే ఛాంబర్‌లో పంచ్ 450 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. 200లో టెంపరైన స్టీలు మెత్తబడక తప్పదు. పూత 3 మైక్రాన్లే; నేల కుంగితే గచ్చు నిలుస్తుందా? ఈసారి 520లో రెండుసార్లు టెంపర్ చేయించు. మేమలా మార్చాకే నా టెన్షన్ తీరింది.

ఇంకొకరు: గ్రైండింగ్ బర్, అంటే అంచున మిగిలే సన్నటి లోహపు పొర, కూడా తీసి పంపండి. దానిమీద పూత పడితే బర్‌తోపాటే ఊడిపోతుంది.