చైన్‌సా కార్బురేటర్: మనమే విప్పుకోవాలా, కొత్తది వేయించాలా?

కందుకూరు సుబాబుల్:
మిషన్ చోక్ మీద అంటుకుంటోంది, యాక్సిలేటర్ నొక్కగానే ఆగిపోతా ఉంది. పాత పెట్రోలు ట్యాంకులోనే నిలవుండిపోయింది. మెకానిక్ చేత్తో కూడా తాకకుండా కొత్త కార్బురేటర్ వెయ్యాల్సిందే అన్నాడు. తోట కోతకు మనుషుల్ని మాట్లాడేశా, ఒకటే టెన్షన్. నేనే విప్పి కడగొచ్చా?

కావలి పాతమిషన్:
కడుగు తమ్ముడూ. బైక్ కార్బురేటర్‌లా దీంట్లో ఫ్లోట్ ఉండదు, అందుకే మిషన్ని ఎటు వంచినా నడుస్తుంది. ఆ పనంతా రెండు పల్చటి డయాఫ్రమ్‌లు, అంటే రబ్బరు పొరల్లాంటివి, చేస్తాయి. పంపు వైపు మూత తీస్తే గోరంత జాలీ కనిపిస్తుంది. పెట్రోలు ఆరిపోయాక జిగురు ముందు పట్టేది అక్కడే. రెండో వైపు డయాఫ్రమ్ నొక్కి చూడు. ఎండిన తమలపాకులా పెళుసుగా ఉంటే డయాఫ్రమ్‌లు వచ్చే రిపేరు కిట్టు తెచ్చి మార్చెయ్. అంతేగానీ మొత్తం మార్చడం దండగ.

ఒంగోలు వర్క్‌షాప్:
విప్పడానికేం అన్నా, ఎవరైనా విప్పుతారు. పెట్రోలును లోపలికి వదిలే చిన్న లివర్ ఎత్తు కాస్త పెరిగినా పెట్రోలు పొంగుతుంది, తగ్గితే చాలదు. దానికితోడు సన్నటి తీగ పెట్టి రంధ్రాలు పొడుస్తారు. రంధ్రం పెద్దదైతే ఇక ఏ ట్యూనింగూ నిలవదు. టూ స్ట్రోక్ ఇంజిన్‌కి ఆయిల్ అందేది పెట్రోలుతోనే కదా, పెట్రోలు తగ్గితే పిస్టన్ సీజ్, అంటే సిలిండర్‌లో పట్టేస్తుంది! అప్పుడు సిలిండర్ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

కావలి పాతమిషన్:
ఊరికే బెదరగొట్టకు. క్లీనర్ కొట్టి గాలి పడితే చాలు, తీగతో పనేముంది? డయాఫ్రమ్‌లు తీశాకే గాలి పట్టాలి, అంతే. అసలు విప్పకముందే ట్యాంకులో ఫిల్టర్ చూడాలి. తర్వాత ట్యాంకు మూత కొంచెం వదులు చేసి నడపాలి. అప్పుడు ఆగకపోతే తప్పు కార్బురేటర్‌ది కాదు, ట్యాంకుకు గాలందే దారి మూసుకుపోయినట్టు. మీ షాపుల్లో ఇది చూసేవాళ్లు ఎంతమంది?

టంగుటూరు సరుగుడు:
20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాకే ఈ గోల.

ఒంగోలు వర్క్‌షాప్:
కొంతవరకు నిజమే. ఇథనాల్ తేమను లాగుతుంది, పాత రబ్బరుకు పడదు. కానీ నిలవుంచితే ఏ పెట్రోలైనా చెడుతుంది. పని అయిపోగానే ట్యాంకు ఖాళీ చేసి, మిషన్ ఆగిపోయేదాకా నడపండి. 50:1 (యాభై వంతుల పెట్రోలుకు ఒక వంతు ఆయిల్) మిషన్‌కి లీటరుకు 20 మిల్లీలీటర్ల ఆయిల్, చేతి అందాజు వద్దు.

కందుకూరు సుబాబుల్:
ఫిల్టర్ శుభ్రంగానే ఉంది. మూత వదులు చేసినా అదే తంతు. విప్పితే జాలీ నిండా పచ్చటి జిగురు, డయాఫ్రమ్ కర్రలా ఉంది. కార్బురేటర్ మీది నంబరు ఫొటో తీసి కిట్టుకి చెప్పా.

ఒంగోలు వర్క్‌షాప్:
కిట్టు మీరే వేసుకోండి. ఫుల్ స్పీడులో పెట్రోలు ఎంత పోవాలో సర్దే హెచ్ స్క్రూ మాత్రం చెవితో విని తిప్పొద్దు, ఇంజిన్ స్పీడు చూపే మీటర్ పెట్టి చూడాలి. ఐడిల్‌లో, అంటే యాక్సిలేటర్ వదిలేసినా, చైన్ తిరిగితే కోతకు దిగొద్దు.

కందుకూరు సుబాబుల్:
సరే అన్నా, కిట్టు వేశాక మిషన్ మీ దగ్గరికే తెస్తా.