“నేర్చుకొనియున్నాను”: ఫిలిప్పీ 4:11లో ఈ మాట గురించి

పోస్ట్ (నెల్లూరు):
అందరికీ వందనాలు. మా వైపు ఆటోల వెనకా ఇళ్ళ గోడల మీదా యాడ చూసినా బైబిల్లో ఫిలిప్పీ పత్రిక నాలుగో అధ్యాయం 13వ వచనమే, “నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను” అని. పిల్లోడికి ఎంసెట్ అయినా అదే, షాపు ఓపెనింగ్ అయినా అదే. తప్పని అనట్లేదు గానీ పైన రెండు వచనాలు చదివితే ఆ పత్రిక రాసిన పౌలు అక్కడ గెలుపు మాటే ఎత్తలా. “నేనేస్థితిలో ఉన్నను ఆ స్థితిలో సంతృప్తి కలిగియుండ నేర్చుకొనియున్నాను” అంటున్నాడు. అందరూ సంతృప్తి అనే మాట పట్టుకుంటారు, నేను మాత్రం ఆ చివరి మాట దగ్గరే ఆగిపోతా. పుట్టుకతో వచ్చిందనలా, ఒక రాత్రి ప్రార్థనతో వచ్చిపడిందనలా, నేర్చుకున్నా అన్నాడు, అదీ సంకెళ్ళలో ఉండి. పైగా అది ఎపఫ్రొదితు చేత ఫిలిప్పీ వాళ్ళు పంపిన సాయం అందిందని రాసిన ఉత్తరం, అట్టాంటి ఉత్తరంలో మనమైతే “సమయానికి ఆదుకున్నారు, లేకపోతే ఏమైపోయేవాళ్ళమో” అని రాస్తాం, ఈయన మాత్రం “నాకు కొదువ కలిగినందున నేనీలాగు చెప్పుటలేదు” అంటాడు. ఆ కొదువ మనూళ్ళల్లో ఇంకా బతికే ఉండాది, “మీకేం కొదవమ్మా” అని పెద్దోళ్ళు అంటానే ఉంటారు గదా.

ఇంకోటి, బైబిలు తెలుగు పాతది, అర్థం కాదు అంటుంటారు గానీ “నేర్చుకొనియున్నాను” మనకి కొత్తేం కాదు. “వచ్చుండాడు”, “తినుండా” అంటాం చూడండి, పని అయిపోయింది, అయిన స్థితి ఇంకా నడుస్తా ఉండాది అని. అదే ఇది.

12వ వచనంలో నన్ను ఆపేసింది ఏందంటే ఆకలిగొనియుండుటకే గాదు, “కడుపు నిండియుండుటకును” నేర్చుకున్నానంటాడు. కడుపు నిండితే నేర్చుకునేదేంది అనిపిస్తది. మా ఊళ్ళో రొయ్యల గుంటలున్నోళ్ళని చూస్తే తెలుస్తది. రేటు పడిపోయిన ఏడు ఇంటిల్లిపాదీ కూర్చుని ప్రార్థన చేసుకుని ఉన్నదాంతో సర్దుకుంటారు, కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగేదీ) బాగా వచ్చి పట్టుబడి కలిసొచ్చిన ఏడే పక్కనోడు ఇంకో నాలుగెకరాలు లీజుకి తీసుకున్నాడని నిద్రుండదు. లేమి కంటే సమృద్ధే కష్టమైన పాఠం అని నాకనిపిస్తది. మీరేమంటారు?

జవాబు (ఒంగోలు):
బాగా పట్టారన్నా. మా వైపు ఈ వచనం చదివితే 1876-78 కరువు గుర్తొస్తది. ఒంగోల్లో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి కూలి ఇప్పించాడు, అయితే ఆ పనులు నడిచేటప్పుడు బాప్తిస్మాలు ఇవ్వకుండా ఆపాడు, గింజల కోసం వచ్చేవాళ్ళెవరో దేవుడి కోసం వచ్చేవాళ్ళెవరో తేలాలని. ఆ పనులు అయిపోయాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇంక ఇచ్చేదేం లేదని తెలిసీ వచ్చినోళ్ళు వాళ్ళు.

జవాబు (కందుకూరు):
అన్నా ఒకటి అడుగుతా, ఏమనుకోవద్దు. ఈ తృప్తి మాట ఎక్కువగా చెప్పించుకునేది కూలోళ్ళే. పొగాకు బేరన్ల (ఆకు కాల్చే కొట్టాల) దగ్గర కూలి పెంచమంటే “ఉన్నదాంతో తృప్తి పడండి, వాక్యం చెప్తా ఉంది గదా” అన్నోళ్ళని నా చెవులారా విన్నా. అప్పట్నుంచి ఈ వచనం వింటేనే ఒళ్ళు మండుద్ది.

పోస్ట్ పెట్టినతను:
అక్కా, మండాల్సిందే. అయితే క్రియ చివర చూడు, “యున్నాను”. ఉత్తమ పురుష ఏకవచనం. నేను నేర్చుకున్నా అన్నాడే గానీ మీరు నేర్చుకోండి అని ఆ వచనంలో లేదు. నా లేమి గురించి నేను చెప్పుకోవచ్చు, నీ లేమి గురించి నేను నీకు చెప్పడం వేరే సంగతి. కూలి సంగతికొస్తే యాకోబు 5:4 ఉండాది, “మీ చేలు కోసిన పనివారికియ్యక, మీరు మోసముగా బిగపట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నది”. ఆ కేకలు ప్రభువు చెవుల్లో “చొచ్చియున్నవి” అని రాశాడు, మళ్ళీ అదే యున్న, దూరినవి ఇంకా అక్కడే ఉండాయని.

జవాబు (కావలి):
మాస్టారూ, అట్టాగైతే హెబ్రీ 13:5 సంగతేంటి? “మీకు కలిగినవాటితో తృప్తిపొందియుండుడి” అని నేరుగా ఆజ్ఞే కదా, ఉత్తమ పురుష కాదు.

పోస్ట్ పెట్టినతను:
ఒప్పుకుంటా, అది ఆజ్ఞే. కానీ దాని ముందు “ధనాపేక్షలేనివారై” అని ఉండాది, కూలి అడిగేవాళ్ళ నోరు మూయించేదానికి కాదు. లూకా 3:14 కూడా చూడండి, బాప్తిస్మమిచ్చు యోహాను “మీ జీతములతో తృప్తిపొందియుండుడి” అన్నది సిపాయిలతో, ఎవర్నీ బాధపెట్టొద్దు, ఎవరి మీదా అపనింద వేయొద్దు అని చెప్పాక. చేతిలో కత్తి ఉన్నోళ్ళకి చెప్పిన మాట అది. కందుకూరు అక్కతో ఆ మాటలన్నోళ్ళకి ముందు ఈ వచనం చూపించాలి.

జవాబు (కందుకూరు):
లూకా 3:14. రాసుకున్నా అన్నా.